అంగన్‌వాడీ టీచరు ఆలోచనకు పూట ఏది?

హఫీజ్‌పేట్ బస్తీల్లో చాలామంది తల్లులు తెల్లారితే హైటెక్ సిటీ వైపు అపార్ట్‌మెంట్లలో ఇంటిపనికో, కట్టడాల దగ్గర కూలికో వెళ్తారు. పిల్లలు అంగన్‌వాడీలో ఉంటారు. ఇంట్లో ఉర్దూనో ఒడియానో మాట్లాడే పాప అక్కడ వారమైనా నోరు విప్పలేదనుకోండి. భయమా, భాష రాకా, ఆకలా? టీచరు ఆలోచిస్తుంది. ఆట మార్చి చూస్తుంది. కుదరకపోతే మర్నాడు ఇంకొకటి ప్రయత్నిస్తుంది. పనిలో ఎదగడమంటే ఇదే. ఇది ఎక్కడ నమోదవుతుంది? పోషణ్ ట్రాకర్ అడిగేది బరువు, ఎత్తు, హాజరు.

1975లో ఐసీడీఎస్ మొదలైనప్పటి నుంచీ ఆమెకిచ్చేది జీతం కాదు, 'గౌరవ వేతనం'. పిల్లల్ని సాకడం ఆడవాళ్లకు పుట్టుకతోనే వస్తుందన్న నమ్మకం ఆ మాట వెనుక ఉంది. గ్రాట్యుటీ ఆమె హక్కని సుప్రీంకోర్టు చెప్పడానికి 2022 దాకా పట్టింది!

2023 సెప్టెంబరులో తెలంగాణ అంగన్‌వాడీలు వేతనం కోసం, పర్మనెంట్ కోసం సమ్మె చేశారు. ఆ డిమాండ్ల పక్కన మరొకటి చేర్చాలి: చుట్టుపక్కల టీచర్లు కలిసి కూర్చుని పిల్లల గురించి మాట్లాడుకోవడానికి వారానికొక పూట, వేతనంతో. సూపర్‌వైజరు ఆ పూట వినడానికే రావాలి, తనిఖీకి కాదు. కేంద్రాలకు వెళ్లే మన కార్యకర్తలు కూడా గుడ్ల లెక్కతో పాటు "ఈ వారం పిల్లల్లో ఏం గమనించారక్కా?" అని అడగాలి.