కాన్పు గదిలో ఎవరి మాట చెల్లుతుంది?

తెలంగాణలో ఇంటి దగ్గర కాన్పులు దాదాపు ఆగిపోయాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం 97 శాతం కాన్పులు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి. ఏ ప్రభుత్వమైనా గర్వంగా చెప్పుకునే అంకె ఇది. అదే సర్వేలో ఉన్న మరో అంకె గురించి మాత్రం అంత గట్టిగా మాట్లాడరు. రాష్ట్రంలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటు ఆస్పత్రుల్లో ఇది 81.5 శాతం, సర్కారు ఆస్పత్రుల్లో 44.5 శాతం. దేశ సగటు 21.5 శాతం మాత్రమే. జనాభా మొత్తంగా చూస్తే సిజేరియన్లు 10 శాతం దాటిన తర్వాత తల్లీబిడ్డల మరణాలు ఇంకా తగ్గిన దాఖలా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది.

సిజేరియన్ ప్రాణాలు కాపాడే ఆపరేషన్. దాన్ని తప్పుపట్టడం కాదు మన పని. ఆస్పత్రి కాన్పులు పెరిగిన ఈ రాష్ట్రంలో మాతృ మరణాలు తగ్గాయి. 2018-20 లెక్కల్లో లక్ష కాన్పులకు 43 మరణాలతో కేరళ, మహారాష్ట్ర తర్వాత తెలంగాణే ఉంది. కానీ అవసరం లేని కోతకు మూల్యం ఉంటుంది. తర్వాతి కాన్పులో గర్భసంచి చిట్లే ప్రమాదం, మాయ గర్భసంచికి అతుక్కుపోయే ప్రమాదం పెరుగుతాయి. ఈ మూల్యం అందరిమీదా ఒకేలా పడదు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలనే చూద్దాం. సాగర్ ఎడమ కాలువ కింద వరి, దాని వెంట రైసుమిల్లులు. నాట్లు, కలుపు పనుల్లో ఎక్కువగా కనిపించేది దళిత, గిరిజన, బీసీ స్త్రీలే. కడుపు మీద కుట్లున్న బాలింత నెలల తరబడి వంగి పనిచేయలేదు. పనికి పోకపోతే కూలి రాదు. 2017లో 26 వారాలకు పెంచిన జీతంతో కూడిన ప్రసూతి సెలవు పొలంలో పనిచేసే కూలీ తల్లికి దక్కదు. 1928లో బొంబాయి శాసన మండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లును సమర్థిస్తూ, కాన్పుకు ముందు తల్లికి విశ్రాంతి ఇవ్వడం దేశానికే మేలని అంబేద్కర్ వాదించారు. ఆ బిల్లు ఫ్యాక్టరీ కార్మికురాలి కోసం వచ్చింది. దాదాపు నూరేళ్ల తర్వాత కూడా పొలంలోని తల్లికి ఆ విశ్రాంతి అందలేదు.

ఇంత పెద్ద ఎత్తున కోతలు ఎందుకు జరుగుతున్నాయి? ప్రైవేటులో డబ్బు ఒక కారణం. ముహూర్తం చూసి బిడ్డను తీయించుకునే అలవాటు మరో కారణం. సర్కారు ఆస్పత్రిలో ఈ రెండూ పూర్తి జవాబు కావు. అక్కడ కొరవడింది సమయం. తొలి కాన్పు నొప్పులు పన్నెండు గంటలో, అంతకన్నా ఎక్కువో సాగవచ్చు. అంతసేపు ఒక మనిషి పక్కన ఉండాలి. నడిపించాలి, ధైర్యం చెప్పాలి, బిడ్డ గుండె చప్పుడు వినాలి, ఏదైనా తేడా వస్తే వెంటనే డాక్టర్‌ను పిలవాలి. నాలుగైదు మంచాలు చూసుకునే ఒక్క స్టాఫ్ నర్సు ఈ పని చేయలేదు. పైగా 2017లో కేసీఆర్ కిట్ వచ్చాక సర్కారు ఆస్పత్రులకు వచ్చే గర్భిణులు బాగా పెరిగారు. రెండు సర్వేల మధ్య ప్రభుత్వ ఆస్పత్రి కాన్పుల వాటా సుమారు 30 శాతం నుంచి సుమారు 50 శాతానికి చేరింది. పక్కన కూర్చునే మనుషులు ఆ లెక్కన పెరగలేదు.

ఒకప్పుడు పక్కన కూర్చున్నది మంత్రసాని. చాలా ఊళ్లలో ఈ పని చేసింది మాదిగ, మాల, చాకలి, మంగలి కులాల స్త్రీలే. రక్తం, మాయ, బొడ్డు కోయడం మైల పనులు కాబట్టి అవి వాళ్లకే వదిలేశారు. బిడ్డను మొదట పట్టుకున్న చేతులను పురుడు వెళ్లాక ఇంట్లోకి రానివ్వలేదు. ఆమె జ్ఞానానికి దక్కిన ప్రతిఫలం కాసిన్ని గింజలు, ఒక పాత చీర. ఆ రోజులు తిరిగి రావాలని ఎవరం కోరుకోం. వాటిలో తల్లుల చావులూ ఉన్నాయి, అంటరానితనమూ ఉంది. కానీ ఆస్పత్రి వచ్చినప్పుడు ఆమెకు చదువు చెప్పి, జీతం ఇచ్చి లోపలికి తీసుకోలేదు. పనికిరానిదని పక్కన పెట్టారు.

ప్రభుత్వమే తయారు చేసుకున్న ఏఎన్ఎం విషయంలోనూ ఇలాగే జరిగింది. ఆ పేరులో మిడ్‌వైఫ్ ఉంది, మొదట ఆమె శిక్షణలో కాన్పుకే పెద్దపీట. 1973లో కర్తార్ సింగ్ కమిటీ నివేదిక తర్వాత ఆమెను బహుళ ప్రయోజన కార్యకర్తగా మార్చారు. టీకాలు, కుటుంబ నియంత్రణ, రికార్డులు నెత్తిన పడ్డాయి. శిక్షణ కాలం తగ్గింది, కాన్పు చేసే నేర్పు చేజారింది. ఈ రోజు రెండో ఏఎన్ఎంలు రెగ్యులరైజేషన్ కోసం రోడ్డెక్కుతున్నారు, 2023 ఆగస్టులో సమ్మె చేశారు. గర్భిణిని ఆస్పత్రి దాకా తీసుకొచ్చే ఆశా వర్కర్లు 2015లో 106 రోజులు సమ్మె చేయాల్సి వచ్చింది.

ఈ నేపథ్యంలోనే 2017లో కరీంనగర్‌లో మొదలైన మిడ్‌వైఫరీ శిక్షణకు విలువ ఉంది. యునిసెఫ్, ఫెర్నాండెజ్ ఫౌండేషన్‌లతో కలిసి రాష్ట్ర ప్రభుత్వం 30 మంది నర్సులకు 18 నెలల శిక్షణ మొదలుపెట్టింది. 2018 డిసెంబర్‌లో కేంద్రం దేశవ్యాప్త మార్గదర్శకాలు తెచ్చింది. 2023లో వచ్చిన చట్టం నర్సింగ్‌తో పాటు మిడ్‌వైఫరీకి కూడా జాతీయ కమిషన్ ఏర్పాటు చేయాలంది. శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌లు అందరికీ అందుబాటులో ఉంటే 2035 నాటికి ప్రపంచంలో ఏటా 43 లక్షల ప్రాణాలు నిలుస్తాయని 2020లో వచ్చిన ఒక అంతర్జాతీయ అధ్యయనం అంచనా వేసింది. విధానం కాగితం మీద సరిగానే ఉంది. ఆ మిడ్‌వైఫ్ ఏ ఊరి ఆస్పత్రిలో, ఏ షిఫ్టులో, ఎన్ని మంచాలకు ఒకరు అన్నదే అసలు విషయం.

దళిత స్త్రీకి ఇందులో ఇంకో సంగతి ఉంది. కాన్పు గదిలో తిట్లు, చెంపదెబ్బలు, అనుమతి అడగకుండా చేసే పరీక్షలు ప్రపంచమంతా ఉన్న సమస్యేనని 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటన గుర్తించింది. మన దగ్గర ఆ తిట్టుకు కులం పేరు తోడవుతుంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ ప్రకారం ఆస్పత్రిలోకి రాకుండా అడ్డుకోవడం నేరం. కులం పేరుతో దూషించడమూ నేరమే, కాకపోతే అది నలుగురి కంటపడే చోట జరగాలి. నాలుగు గోడల మధ్య, బయటివాళ్లెవరూ లేనప్పుడు అన్న మాట దీని కిందికి రాదని 2020లో హితేష్ వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. లేబర్ రూమ్‌కు నాలుగు గోడలే ఉంటాయి. తల్లిని, అత్తను గేటు బయటే ఆపేస్తే, లోపల అన్న మాటకు సాక్షి ఉండదు.

అందుకే కాన్పు సమయంలో తోడు ఉండే హక్కును మనం చిన్న విషయంగా చూడకూడదు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఒక స్త్రీని తోడుగా అనుమతించాలని 2016లోనే కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది. ఆ తోడు నొప్పుల్లో ధైర్యం చెబుతుంది, అవసరమైతే సాక్ష్యమూ చెబుతుంది. మంచాల మధ్య తెరలు లేవనో, రద్దీ అనో తోడును ఆపడం కుదరదు. తెరలు కట్టించాల్సింది ఆస్పత్రే. గౌరవంగా అందే ప్రసూతి వైద్యం ఎవరి దయా కాదు. 2010లో లక్ష్మీ మండల్ కేసులో ఢిల్లీ హైకోర్టు దాన్ని 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగంగానే చూసింది.

ఈ మూడు పట్టణాల్లో విద్యార్థి, దళిత, మహిళా సంఘాలు ఇప్పుడే మొదలుపెట్టగల పనులున్నాయి. గర్భిణుల వివరాలు నమోదు చేసే ఆర్‌సీహెచ్ రిజిస్టర్‌లో కులం గడి ఉంది. అంటే ఎవరు ఎస్సీ, ఎవరు ఎస్టీ అన్నది వ్యవస్థకు తెలుసు. సూర్యాపేట జనరల్ ఆస్పత్రి, కోదాడ, మిర్యాలగూడ ప్రభుత్వ ఆస్పత్రుల్లో నెలకు ఎన్ని కాన్పులు, ఎన్ని కోతలు, ఎవరికి, ఏ కారణంతో అన్న లెక్క కులాల వారీగా బయట పెట్టమని సమాచార హక్కు చట్టం కింద అడగాలి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాల్సిందే. ఎన్ని మిడ్‌వైఫ్ పోస్టులు మంజూరయ్యాయో, ఎన్ని నింపారో, రాత్రి షిఫ్టులో ఎవరు ఉంటున్నారో కూడా అదే దరఖాస్తులో అడగాలి. ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లు తమ సిజేరియన్ శాతాన్ని రిసెప్షన్ దగ్గర బోర్డు మీద రాయాలని జిల్లా వైద్యాధికారులను నిలదీయాలి.

చివరిది, అన్నిటికన్నా ముఖ్యమైనది: ఎవరు మిడ్‌వైఫ్ అవుతారు? మైల పేరుతో శతాబ్దాలు ఈ పని చేయించుకున్న కులాల ఆడపిల్లలకు, ఇదే పని గౌరవం, జీతం, సర్టిఫికెట్ ఉన్న వృత్తిగా మారేటప్పుడు ముందు వరుసలో చోటుండాలి. ఏళ్లుగా కాంట్రాక్టు మీద పనిచేస్తున్న ఏఎన్ఎంలు చదివి పైకి రావడానికి దారి ఉండాలి. రిజర్వేషన్ రోస్టర్ పాటించే రెగ్యులర్ పోస్టులుగానే ఈ నియామకాలు జరగాలి. అవుట్‌సోర్సింగ్‌లో ఇస్తే, గింజలూ పాత చీరా ఇచ్చిన పాత లెక్కే కొత్త పేరుతో నడుస్తుంది.