ఒంటికాలి బల్ల

మా ఇంట్లో ఈమధ్య ఒక భోజనాల బల్ల వెలిసింది. కొన్నామని అనకుండా వెలిసిందనడానికి కారణముంది. కొన్న వస్తువును వాడుకుంటాం. వెలిసినదాన్ని తుడిచి, దణ్ణం పెట్టి, దూరంగా నిలబడతాం. మేం చేస్తున్నది ఈ రెండోదే.

దాని స్వరూపం మనవి చేస్తాను. కింద గుండ్రటి పాలరాతి పీఠం. పీఠం మీద బంగారు రంగు పూసిన ఉక్కు కాలు, ఒకే ఒక్కటి. ఆ పైన నాలుగడుగుల గుండ్రటి గాజు పలక. గాజు నడుమ గిర్రున తిరిగే పాలరాతి పళ్ళెం. "డిజైనర్ టేబుల్ నాన్నా, పాకాలలో ఇంకెవరింట్లోనూ లేదు" అన్నాడు మావాడు గర్వంగా. ఎందుకు లేదో నాకు తర్వాత అర్థమైంది. పాకాల జనం తెలివైనవాళ్ళు.

ఒంటికాలి బల్ల పుట్టుకకు ఒక న్యాయం లేకపోలేదు. ఈరో సారినెన్ అని ఫిన్లాండులో పుట్టి అమెరికాలో పేరు తెచ్చుకున్న వాస్తుశిల్పి. బల్లకు నాలుగు, కుర్చీకి నాలుగు చొప్పున కాళ్ళన్నీ కలిసి ఇంట్లో అడవిలా పెరిగిపోతున్నాయని విసుక్కుని, 1957లో ఒంటికాలి బల్లలూ కుర్చీలూ లోకం ముందు పెట్టాడు. కూర్చున్నవాడి మోకాలికి తగిలే కాలు ఉండదు. మంచిదే. కానీ అంగట్లో మాకు దొరికింది ఆయన ఆకారమే. ఆలోచన అక్కడెక్కడో నిలిచిపోయింది.

ముందు రాయి సంగతి చూడండి. పాలరాయి సున్నపు జాతిది. దానికి పులుపు పడదు. నిమ్మరసమో చింతపులుసో ఒలికి కాసేపు నిలిచిందంటే మెరుపు చచ్చి మచ్చ తేలుతుంది. ఎంత తుడిచినా పోదు, మళ్ళీ పాలిష్ పట్టించాల్సిందే. చింతపండు లేనిదే పొయ్యి వెలగని సీమలో, దామలచెరువు మామిడి మండీని పక్కనే పెట్టుకుని, పులుపు పడని రాయిని భోజనాల నడిమధ్యన ప్రతిష్ఠించడమా! మా మనవడు ఆ పళ్ళేన్ని ఒక్క తిప్పు తిప్పాడు. పులుసు గిన్నె దొర్లింది. మూడు మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి.

పోనీ, రాతికి మనకేమైనా కరువా? 2022లో జిల్లాలు చీల్చినప్పుడు పాకాల తిరుపతి జిల్లాలో పడింది గానీ, అంతకుముందు మాదీ చిత్తూరే. ఆ జిల్లా గ్రానైటు కుప్పం గ్రీన్ లాంటి పేర్లతో ఎక్కడెక్కడికో పోతుంది. గ్రానైటుకు చింతపులుసంటే లెక్కే లేదు. మా రోలు కూడా నల్లరాతిదే. నలభై ఏళ్ళు అందులో చెనిక్కాయల ఊరిబిండి నూరారు. మచ్చ పడలేదు, అలగలేదు. దాన్ని పెరట్లో జామచెట్టు కిందికి దొర్లించి, పులుసు చుక్కకే ముఖం మాడ్చుకునే రాతిని హాల్లోకి తెచ్చుకున్నాం.

ఇవన్నీ ఓర్చుకునేవాణ్ణి. ఓర్చుకోలేనిది ఒకటి జరిగింది.

మా అమ్మకు ఎనభై దాటాయి, మోకాళ్ళు వంగవు. బల్ల కొన్నదే ఆమె పేరు చెప్పి. మొదటి రాత్రి తిని లేస్తూ, పెద్దవాళ్ళందరూ చేసినట్టే, బల్ల అంచు మీద రెండు చేతులూ ఆనించి బరువంతా వేసింది. నాలుగు కాళ్ళ బల్లకు అంచు దగ్గరే కాలుంటుంది గనుక ఆ బరువు మోస్తుంది. దీని కాలు నడుమ ఉంది. అంచున బరువు వేస్తే ఏతం కొస మీద అడుగేసినట్టే. గాజు ఒక పక్కకు వాలింది. పన్నెండు మిల్లీమీటర్ల మందం గాజు, ముప్పై అయిదు కిలోల దాకా తూగుతుంది. మావాడు ఎగిరి పట్టుకున్నాడు. అమ్మను కాదు, గాజును. అమ్మను కోడలు పట్టుకుంది.

ఈ తేడా వాడికి తట్టలేదు. అమ్మకు తట్టింది. మరునాటి నుంచి వంటింట్లో పాత స్టూలు మీద ఒంటరిగా కూర్చుని సంగటి తింటోంది. పిలిస్తే, "ఆ అద్దం మీద నాకు ముద్ద దిగదు నాయనా. నేనీడనే బాగుండాను, మీరు తినండి" అంటుంది.

నేలమీద పీటలేసుకోండని నేను ఉపన్యాసం ఇవ్వబోవడం లేదు. మోకాళ్ళు అరిగినవాళ్ళకు బల్ల వరం. నావీ అరిగాయి. అందుకే కొనేవాళ్ళకు రెండు మాటలు చెబుతున్నాను. అంగడికి ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళను తీసుకెళ్ళి, బల్ల అంచు పట్టుకుని లేవమనండి. పులుసు ఒలికితే ఏమవుతుందని అంగడివాణ్ణి అడగండి. "కాస్త జాగ్రత్తగా వాడుకోవాలి సార్" అన్నాడా, చెప్పులు తొడుక్కుని వచ్చేయండి. అన్నం తినేచోట జాగ్రత్తగా చూసుకోవాల్సింది తినే మనిషినే.

నిన్న వడ్రంగికి టేకు బల్ల ఒకటి చెప్పి వచ్చాను. నాలుగు కాళ్ళు, గట్టి అంచు. మావాడు ముఖం ముడుచుకుని, "మరి దీన్నెక్కడ పెట్టేది నాన్నా?" అన్నాడు.

జామచెట్టు కింద, రోలు పక్కన, కావలసినంత జాగా ఉందన్నాను.