గ్యాస్ ఒడ్డెక్కింది, వాటా ఒడ్డెక్కలేదు

సముద్రం అడుగున దొరికే చమురు మీద, గ్యాస్ మీద తీర రాష్ట్రానికి రాయల్టీ హక్కు లేదు. రాజ్యాంగం 297వ అధికరణం ఆ సంపదనంతా కేంద్రానికి అప్పగించింది. బావి నేల మీద పడితే రాయల్టీ రాష్ట్రానికి వస్తుంది, నీళ్లలో పడితే ఢిల్లీకి పోతుంది. దేశ సంపద దేశానిదన్న సూత్రంతో ఎవరికీ పేచీ లేదు. కానీ సముద్రంలో తీసిన గ్యాస్ సముద్రంలోనే ఉండిపోదు, ఎక్కడో ఒక ఊళ్లో ఒడ్డెక్కాలి. తూర్పు తీరంలో అలా ఒడ్డెక్కే ఊళ్లలో ఒకటి ఓడలరేవు.

కోనసీమలో అమలాపురం నుంచి తీరానికి దిగితే, గోదావరి పాయ వైనతేయ సముద్రంలో కలిసే మొగ దగ్గర ఉంటుందీ ఊరు. ఒకపక్క ఏరు, ఒకపక్క సముద్రం, మధ్యలో కొబ్బరి తోటలు, రొయ్యల చెరువులు, చేపల వేట మీద బతికే పల్లెలు. వాటి నడుమ ప్రహరీ కట్టుకుని ఓఎన్‌జీసీ టెర్మినల్. కేజీ-డీడబ్ల్యూఎన్-98/2 బ్లాకులో 2024 జనవరి 7న మొదటి చమురు పైకి వచ్చింది. ఉత్పత్తి గరిష్ఠ స్థాయికి చేరితే రోజుకు 45,000 బ్యారెళ్ల చమురు, కోటి ఘనపు మీటర్ల గ్యాస్ వస్తాయనీ, దేశంలో తీస్తున్నదానికి మరో 7 శాతం తోడవుతుందనీ కేంద్ర పెట్రోలియం మంత్రి హర్‌దీప్ సింగ్ పురీ అప్పుడు చెప్పారు. తీరానికి 35 కిలోమీటర్ల అవతల, లోతైన నీళ్లలో తీసే ఆ చమురు ఓడల్లోకి ఎక్కి ఎక్కడెక్కడి రిఫైనరీలకో పోతుంది. గ్యాస్ మాత్రం సముద్రగర్భంలో వేసిన గొట్టాల గుండా ఓడలరేవుకు చేరి, శుద్ధయి, మళ్లీ గొట్టమెక్కి పైఊళ్లకు వెళ్లిపోతుంది.

ఈ ప్రయాణంలో ఊరికి దక్కేది ఏమిటి? పైపులైను పనుల కాలంలో వేట సాగనందుకు కోనసీమ, కాకినాడ జిల్లాల్లో 23,458 మత్స్యకార కుటుంబాలకు నెలకు 11,500 రూపాయల చొప్పున ఓఎన్‌జీసీ నుంచి పరిహారం వచ్చింది. 2023 నవంబరు 21న రాష్ట్ర ప్రభుత్వం చేతుల మీదుగా ఆరు నెలల బకాయి, కుటుంబానికి 69,000 రూపాయలు, మొత్తం 161.86 కోట్లు ఖాతాల్లో పడ్డాయి. ఆ డబ్బు అప్పులు తీర్చింది, వలలు కొనిపెట్టింది, తక్కువ చేసి మాట్లాడే విషయం కాదు. అయితే అది పోయిన రోజులకు కట్టిన ఖరీదు. పైపు వేసే ఓడ వెళ్లిపోగానే ఆ లెక్క ముగుస్తుంది. పైపు మాత్రం దశాబ్దాలపాటు అక్కడే ఉంటుంది, దాని ఆదాయమూ అన్నాళ్లూ వస్తూనే ఉంటుంది. నష్టపరిహారానికీ వాటాకూ ఉన్న తేడా ఇదే. కోనసీమ ఇన్నాళ్లూ మొదటిదాని కోసమే రోడ్డెక్కింది. రెండోదాన్ని గట్టిగా అడగలేదు.

అడగడానికి కావలసిన కారణాలు ఈ నేల మీద కాలిన మచ్చలై ఉన్నాయి. 1995 జనవరి 8న పాశర్లపూడి ఓఎన్‌జీసీ బావిలో బ్లోఅవుట్ అయింది. దేవర్లంక దగ్గర ఎగసిన ఆ మంట 65 రోజులు ఆరలేదు. పరాయి దేశపు నిపుణులు వచ్చి మార్చి నడిమికి గానీ బావి మూత వేయలేకపోయారు. చుట్టుపక్కల ఊళ్లు ఇళ్లు వదిలి శిబిరాలకు పోయాయి. రాత్రిళ్లు దూరాన ఉన్న ఊళ్లక్కూడా ఆకాశం ఎర్రగా కనిపించేది. ఆ తర్వాత పంతొమ్మిదేళ్లకు, 2014 జూన్ 27 తెల్లవారుజామున, మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పేలింది. రాత్రంతా కమ్ముకున్న గ్యాస్‌కు పొద్దున్నే పొయ్యి వెలిగించే వేళ నిప్పు అంటుకుంది. 20 మందికి పైగా చనిపోయారు, కొబ్బరి చెట్లు నిలువునా మాడిపోయాయి. పొడి గ్యాస్ కోసం వేసిన గొట్టంలో తేమ ఉన్న గ్యాస్‌ను నడిపారు, లోపల తుప్పు తినేసింది. దీన్ని దైవఘటన అనలేం. తేమ తీసే యంత్రం పెట్టకపోవడం, గొట్టం మందం ఎప్పటికప్పుడు చూసుకోకపోవడం మనుషులు తీసుకున్న నిర్ణయాలే. 2022లో జాతీయ హరిత ట్రైబ్యునల్ ఉభయ గోదావరి జిల్లాల్లో పర్యావరణ నష్టానికి 22.76 కోట్లు చెల్లించాలని ఓఎన్‌జీసీని ఆదేశించింది. ఒక వ్యక్తి ఫిర్యాదు మీద అంతదూరం వచ్చిన వ్యవహారమది.

ఇంకో భయం కోనసీమలో ఇంటింటా వినిపిస్తుంది: గ్యాస్ తోడేయడం వల్ల నేల కుంగుతోందని. దీన్ని కొట్టిపారేయడమూ తప్పే, తేలిపోయిన సత్యంగా చెప్పడమూ తప్పే. డెల్టా నేల తన బరువుకు తానే కొంత అణగుతుంది. పైన కట్టిన ఆనకట్టలు ఒండ్రును ఆపేయడంతో ఏటా కొత్త మట్టి పడడం తగ్గింది. సముద్రమట్టం పెరుగుతోంది. శంకరగుప్తం డ్రెయిన్ వెంట ఉప్పునీరు ఎగదన్ని కొబ్బరి చెట్లు మోడులైపోవడం మన కళ్లముందే జరిగింది. ఇన్ని కారణాల మధ్య గ్యాస్ వాటా ఎంతో చెప్పాలంటే కొలతలు కావాలి. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో 1959లో బయటపడ్డ గ్యాస్ క్షేత్రం యూరప్‌లోకెల్లా పెద్దది. తోడేకొద్దీ నేల కుంగింది, భూకంపాలొచ్చాయి, ఇళ్ల గోడలు బీటలిచ్చాయి. అక్కడి ప్రజల గోడును ప్రభుత్వమూ కంపెనీలూ ఏళ్ల తరబడి పెడచెవిన పెట్టాయి. 2012లో 3.6 తీవ్రతతో భూకంపం వచ్చాక గానీ కదలిక రాలేదు. 2023 అక్టోబరులో ఉత్పత్తి ఆపేశారు. గ్రోనింగెన్ భూగర్భం వేరు, మన డెల్టా వేరు. కానీ అక్కడి వాళ్ల చేతిలో కొలతలుండబట్టే వాళ్ల మాట నెగ్గింది. కోనసీమలో నేల ఎత్తును ఏటా కొలిచి, ఆ అంకెలను పంచాయతీ గోడ మీద అంటించే ఏర్పాటు ఉండాలి. దాని ఖర్చు ఒక్క బావి తవ్వడానికయ్యే ఖర్చు ముందు లెక్కలోకే రాదు.

గ్యాస్‌ను బొగ్గుతో ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. అంతే కరెంటుకు బొగ్గు వదిలే కార్బన్ డయాక్సైడులో దాదాపు సగమే గ్యాస్ వదులుతుంది, బూడిద ఉండదు. కానీ సహజవాయువులో అధికభాగం మీథేన్. కాలకుండా లీకైతే అది ఇరవై ఏళ్ల వ్యవధిలో కార్బన్ డయాక్సైడు కన్నా 80 రెట్లకు మించి వేడిని పట్టి ఉంచుతుంది. అంటే గ్యాస్ మంచి ఇంధనమా కాదా అన్నది గొట్టాల కీళ్లు ఎంత బిగువుగా ఉన్నాయన్నదాని మీద ఆధారపడుతుంది. నగరం ఊరిని కాల్చిన నిర్లక్ష్యం, వాతావరణాన్ని వేడెక్కించే నిర్లక్ష్యం రెండూ ఒకటే.

పైగా గ్యాస్ మాట మీద నిలబడదు. రిలయన్స్ కేజీ-డీ6లో 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైతే, ఆ గ్యాస్‌ను నమ్ముకుని గోదావరి జిల్లాల్లో, కృష్ణా తీరంలో విద్యుత్ కేంద్రాలు వరసగా లేచాయి. 2010లో రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్లు దాటిన ఉత్పత్తి కొన్నేళ్లలోనే అందులో నాలుగో వంతుకు పడిపోయింది. వేమగిరిలో జీఎంఆర్ కట్టిన 768 మెగావాట్ల కేంద్రం గ్యాస్ లేక పడి ఉంది. రావులపాలెం దగ్గర కోనసీమ పేరే పెట్టుకున్న 445 మెగావాట్ల కేంద్రమూ గ్యాస్ అందక మూతపడి దివాలా ప్రక్రియ దాకా వెళ్లింది. గ్యాస్ తీసే జిల్లాలోనే గ్యాస్ లేక విద్యుత్ కేంద్రం ఆగిపోయిందంటే, తవ్వేవాళ్ల అంచనాలను నమ్మి ఒక ప్రాంతం భవిష్యత్తును కట్టుకోకూడదనే కదా అర్థం. 98/2 బ్లాకు కూడా ఒకనాటికి ఒట్టిపోతుంది. అది ఎప్పుడన్నదే ప్రశ్న.

మరి ప్రత్యామ్నాయం? సౌర విద్యుత్ అనగానే అందరూ రాయలసీమ వైపు చూస్తారు. 2017లో కర్నూలులో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు పూర్తిస్థాయిలో పనిచేయడం మొదలైంది, అక్కడ బీడు భూమి ఉంది. కోనసీమలో బీడన్నదే లేదు. ఇక్కడ ఎకరం కొబ్బరి తోట తీసేసి ప్యానెళ్లు పరుద్దామని ఎవరన్నా అంటే వినేవాడుండడు, వినకూడదు కూడా. ఇంటి కప్పు మీద పెట్టుకుందామంటే పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ ఉంది. కానీ చుట్టూ కొబ్బరి చెట్లున్న పెంకుటింటి మీద మధ్యాహ్నం దాకా నీడే. గాలివానలో ఒక్క మట్ట విరిగి పడినా, ఒక్క కాయ రాలినా అద్దం పగులుతుంది. పాకల్లో, చిన్న కాలనీ ఇళ్లలో ఉండే మత్స్యకార కుటుంబాలకు ఆ పథకం దరఖాస్తు దగ్గరే ఆగిపోతుంది. ఇలాంటి చోట ప్యానెళ్లు ఒకచోట పెట్టి, ఆ కరెంటు తాలూకు తగ్గింపును ఊళ్లోవాళ్ల బిల్లుల్లో చూపించే పద్ధతే పనికొస్తుంది. కాలువల మీద ప్యానెళ్లు పరచడం గుజరాత్ 2012లోనే చేసి చూపించింది. గోదావరి కాలువలకు కొరత లేదు.

అసలు అవసరం రొయ్యల చెరువుల్లో ఉంది. నీళ్లలో ప్రాణవాయువు బాగా పడిపోయేది తెల్లవారబోయే ముందు. రెండు మూడు గంటల వేళ ఏరియేటర్లు ఆగితే పొద్దుటికి రొయ్యలు తేలిపోతాయి. అందుకే ఆక్వా కరెంటుకు రాయితీ ఉన్నా ప్రతి రైతూ చెరువు గట్టున డీజిల్ జనరేటర్ పెట్టుకుంటాడు. సూర్యుడు లేని వేళలో కరెంటు కావలసిన రైతుకు పగటి సోలార్ ఒక్కటే ఇచ్చి లాభం లేదు. నంద్యాల జిల్లా పిన్నాపురంలో గ్రీన్‌కో కట్టిన 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ కేంద్రం చేసేది సరిగ్గా ఈ పనే. పగటిపూట ఎండతో నీళ్లను పై జలాశయానికి ఎత్తి, రాత్రి కిందికి వదిలి కరెంటు తీయడం. నంద్యాల ఎండ కోనసీమ చెరువులో ఏరియేటర్‌ను తెల్లవారుజామున తిప్పగలదు. అందుకు కావలసింది కోత లేని గ్రామీణ ఫీడర్లు, తుపానుకు పడిపోని స్తంభాలు. 1996 నవంబరు తుపాను తర్వాత కరెంటు లేక కోనసీమ ఎన్నాళ్లు చీకట్లో ఉందో పెద్దవాళ్లకు గుర్తే. స్వచ్ఛ ఇంధనం గురించి ఈ జిల్లాలో మొదట మాట్లాడాల్సింది తీగల గురించి.

చమురు సంస్థలు తమ భవిష్యత్తు తాము చూసుకుంటున్నాయి. ఓఎన్‌జీసీ, ఎన్‌టీపీసీ గ్రీన్ కలిసి పెట్టిన సంస్థ 2025లో 4,000 మెగావాట్లకు పైబడ్డ అయానా రెన్యువబుల్ పవర్‌ను 19,500 కోట్ల విలువకు కొన్నది. 2038 నాటికి తన కార్యకలాపాల ఉద్గారాలను నికరంగా సున్నాకు తెస్తానని ఓఎన్‌జీసీ ప్రకటించింది. మంచిదే. అదే దూరదృష్టి ఓడలరేవు విషయంలోనూ కావాలి. ఈ ఊళ్లోనే బీవీసీ ఇంజినీరింగ్ కళాశాల ఉంది. టెర్మినల్ గోడకు అవతల చదువుకునే పిల్లలకు పైపుల తుప్పు కొలవడం, బ్యాటరీలు నిలబెట్టడం, ఉప్పుగాలికి ఆగే ప్యానెళ్లు బిగించడం నేర్పి ఉద్యోగాలివ్వడానికి చట్టం మార్చక్కర్లేదు, సంకల్పం చాలు.

పచ్చ ఇంధనం వచ్చినంత మాత్రాన తీరానికి న్యాయం దానంతటదే రాదు. పాశర్లపూడి మంట లేచిన రోజుకు సరిగ్గా ముప్పై ఏళ్లకు, 2025 జనవరి 8న, అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్‌టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు ప్రధాని శంకుస్థాపన చేశారు. రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్ దాని లక్ష్యం. పూడిమడకా వేట ఊరే. కాకినాడలో గ్యాస్‌తో యూరియా చేసిన నాగార్జున ఫ్యాక్టరీ చోట గ్రీన్ అమ్మోనియా తయారీకి ఏఎం గ్రీన్ సిద్ధమైంది. బొగ్గుకు రాయల్టీ ఉంది, నేల మీది గ్యాస్‌కు ఉంది. ఎండకూ గాలికీ రాయల్టీ అన్నదే లేదు. సముద్రపు గ్యాస్ దగ్గర తీరం వాటా అడగకుండా ఊరుకుంటే, రేపు హైడ్రోజన్ దగ్గర అడగడానికి పాత ఉదాహరణ కూడా చేతిలో ఉండదు.

నమూనాలు మన చట్టాల్లోనే ఉన్నాయి. గనుల చట్టానికి 2015లో చేసిన సవరణ తర్వాత బొగ్గు, ఖనిజాల గనులున్న ప్రతి జిల్లాలో ఖనిజ నిధి ఉంది. లీజుదారు కట్టే రాయల్టీ మీద 10 నుంచి 30 శాతం అదనంగా దానికి జమ అవుతుంది, గని ప్రభావం పడ్డ ఊళ్లకే ఖర్చవుతుంది. సింగరేణి బొగ్గు తీసే జిల్లాలకు ఆ నిధి ఉంది, కోనసీమకు లేదు. చమురు, గ్యాస్ వేరే చట్టం కిందికి వస్తాయి కాబట్టి. 1948 నాటి ఆ చమురు క్షేత్రాల చట్టాన్ని 2025లో సవరించారు. పెట్టుబడిదారులకు స్థిరత్వం గురించి చాలా రాసుకున్నారు, జిల్లా నిధి ఊసు రాలేదు. 1999 నుంచి సైట్ రెస్టోరేషన్ నిధి పథకం ఉంది. గ్యాస్ అయిపోయాక బావులు పూడ్చి, ప్లాట్‌ఫారాలు విప్పి, చోటును చక్కబెట్టడానికి కంపెనీలు ముందే డబ్బు దాచుకునే ఏర్పాటది. ఉక్కు గొట్టాలకు ముందుచూపుతో నిధి ఉంది, ఆ గొట్టాల పక్కన బతికే మనుషులకు లేదు. 2008 జలవిద్యుత్ విధానం ఇంకో దారి చూపింది. ప్రాజెక్టు ఉత్పత్తిలో అదనంగా ఒక శాతం విద్యుత్తును స్థానిక అభివృద్ధికి కేటాయించమంది, ప్రాజెక్టు ప్రభావం పడ్డ కుటుంబానికి పదేళ్లపాటు నెలకు వంద యూనిట్లు ఇవ్వమంది.

జిల్లా నిధినీ, ఈ జలవిద్యుత్ పద్ధతినీ కలిపి అడగాలి. సముద్రపు గ్యాస్‌పై కేంద్రానికి వచ్చే రాయల్టీలో కొంత శాతం, గ్యాస్ ఒడ్డెక్కే మండలాలకు చట్టబద్ధమైన నిధిగా రావాలి. అది సీఎస్ఆర్ లాగా కంపెనీ దయ మీద, శంకుస్థాపన ఫలకాల మీద ఆధారపడకూడదు. నిధి ఖర్చులో గ్రామసభకు మాట ఉండాలి. మొదటి పద్దులు నేల కొలతలు, పాత గొట్టాల స్వతంత్ర తనిఖీ, కరెంటు ఫీడర్లు, ఊరుమ్మడి సోలార్. వేటకు పోయే ప్రతి కుటుంబానికీ నెలకు వంద యూనిట్లు, గ్యాస్ వచ్చినన్నాళ్లూ. ఇందుకు రాజ్యాంగం మార్చనక్కర్లేదు, పార్లమెంటులో ఒక సాధారణ సవరణ చాలు. అమలాపురం ఎంపీ ఒక్కరి గొంతు సరిపోదు. కాకినాడ, నరసాపురం, మచిలీపట్నం ఎంపీలు కలవాలి, గ్యాస్ ఒడ్డెక్కే గుజరాత్ తీరం ఎంపీలనూ కలుపుకోవాలి. 98/2లో ఉత్పత్తి ఉన్నప్పుడే ఈ బేరం జరగాలి. బావులు ఒట్టిపోయాక ఓడలరేవుతో బేరమాడాల్సిన అవసరం ఎవరికీ ఉండదు.