బడి ముచ్చట్లు: పాసైన తరువాత చేజారిన ఉపకార వేతనము



ఈ నెల ముచ్చట ఒక తల్లి అడిగిన ప్రశ్నతో మొదలు పెట్టుచున్నాము. ఒక ఆదివారము ఆరాధన ముగిసి అందరును చెప్పులు వెదుకుకొనుచుండగా ఆమె మా యొద్దకు వచ్చి, బైబిలు అట్టలో మడత పెట్టి దాచుకొన్న కాగితమొకటి తీసి చూపినది. రెండేండ్ల క్రితము వారి అమ్మాయి ఎనిమిదవ తరగతిలో ఒక పరీక్ష వ్రాసి జిల్లా జాబితాలో పేరు తెచ్చుకొన్నది. ఆ జాబితా నకలే అది. పాప పేరు క్రింద ఎర్ర సిరాతో గీత కూడ గీసియున్నది. "అయ్యగారూ, పాపకి డబ్బులు ఎప్పుడు పడతాయండీ?" అని అడిగినది. అప్పటికి పాప పదవ తరగతికి వచ్చినది.

మేము ఆ కాగితము తీసికొని బడికి వెళ్ళి విచారించితిమి. సంగతి తెలియుటకు పది నిమిషములు కూడ పట్టలేదు. పరీక్ష పాసగుట సగము పని మాత్రమే. తొమ్మిదవ తరగతిలో చేరిన తరువాత కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో గడువు లోపల మరల దరఖాస్తు చేయవలెను. ఆ ఏడు ఈ పని చూచు మాస్టరుగారు బదిలీపై వెళ్ళిపోయిరి. తరువాత వచ్చినవారు అది అయిపోయినదనుకొనిరి. తల్లి, డబ్బు దానంతటదే వచ్చుననుకొన్నది. ఎవరును మోసము చేయలేదు, ఎవరును లంచమడుగలేదు. నాలుగేండ్లలో రావలసిన 48,000 రూపాయలు అట్లే పోయినవి. ఆమె మిరపకాయల కోతకు పోవు మనిషి. అది ఎన్ని దినముల కూలియో మేము చెప్పనక్కరలేదు, మా ఎదుటనే వ్రేళ్ళమీద లెక్కవేసికొన్నది.

ఈ ఉపకార వేతనము పేరు నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్. బడులలో ఎన్.ఎం.ఎం.ఎస్. అందురు. 2008లో కేంద్ర ప్రభుత్వము దీనిని ప్రారంభించినది. ఎనిమిది తరువాత పేద పిల్లలు బడి మానకుండ ఇంటరు వరకు నిలుచుటకే ఇది ఏర్పడినది. దేశమంతటికి ఏటా లక్ష మంది క్రొత్త పిల్లలకు ఇచ్చెదరు. అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 4,087, తెలంగాణ వాటా 2,921. మొదట ఏడాదికి 6,000 రూపాయలు ఇచ్చెడివారు. 2017 ఏప్రిల్ నుండి 12,000 చేసిరి. 2022లో ఈ పథకమును 2025-26 వరకు పొడిగించుచు తలిదండ్రుల ఆదాయ పరిమితిని లక్షన్నర నుండి మూడున్నర లక్షలకు పెంచిరి. కనుక కూలి కుటుంబములే కాదు, చిన్న రైతులు, ఆటో నడుపువారు, కొట్టు పెట్టుకొన్నవారు సైతము ఇందులోనికి వత్తురు. ఆ తరువాతి సంవత్సరముల ప్రకటన సంగతి మీ ప్రధానోపాధ్యాయులను అడిగి తెలిసికొనుడి.

ఎవరు వ్రాయవచ్చును? ప్రభుత్వ, జిల్లా పరిషత్, మునిసిపల్, ఎయిడెడ్ బడులలో ఎనిమిది చదువుచున్న పిల్లలు. ఏడవ తరగతిలో 55 శాతము మార్కులు ఉండవలెను, ఎస్సీ, ఎస్టీ బిడ్డలకు 50 చాలును. మన మిషను వారు నడుపు ఎయిడెడ్ బడులు కూడ ఇందులో ఉన్నవని మరువకుడి, ఈ మాట తెలియని ఎయిడెడ్ బడి మాస్టర్లను మేమే చూచితిమి. ప్రైవేటు బడి, కేంద్రీయ విద్యాలయము, నవోదయ, వసతి భోజనములిచ్చు ప్రభుత్వ గురుకులములకు ఇది లేదు. పరీక్ష మన రెండు రాష్ట్రములలో సాధారణముగా నవంబరు, డిసెంబరు మాసములలో జరుగును. దరఖాస్తు బడి ద్వారానే పోవలెను. రెండు పేపర్లు, ఒక్కొక్కటి 90 ప్రశ్నలు, 90 నిమిషములు. ఒకటి బుద్ధికి పదును పెట్టునది: అంకెల వరుసలు, బొమ్మల పోలికలు, దిక్కులు, బంధుత్వముల చిక్కులు. రెండవది ఏడు, ఎనిమిది తరగతుల పాఠములు: సైన్సు 35, సాంఘికము 35, లెక్కలు 20. రెండు పేపర్లు కలిపి 40 శాతము తెచ్చుకొన్నవారు, ఎస్సీ, ఎస్టీ అయినచో 32 శాతము తెచ్చుకొన్నవారు ఎంపికకు అర్హులు. ఎంపిక మాత్రము జాబితాలో ముందున్నవారికే. మొదటి పేపరు కొరకు మన పల్లె పిల్లలు భయపడుదురు గాని, అది ఎవరును బడిలో చెప్పని పాఠము కనుక అందరికిని సమానమే. పాత ప్రశ్నపత్రములు పది చేసిన బిడ్డకు అది ఆటవలె అగును.

పరీక్ష సంగతి ఇంతటితో చాలును. మా బాధ పరీక్ష గూర్చి కాదు, తరువాతి కథ గూర్చి.

అన్నిటికంటె ఎక్కువ చిక్కు పేరు దగ్గర వచ్చుచున్నది. మన ఇండ్లలో ఒక బిడ్డకు ఎన్ని పేర్లో ఆలోచించుడి. ఆస్పత్రి కాగితములో ఒక పేరు. బాప్తిస్మపు రిజిష్టరులో బైబిలు పేరొకటి. బడిలో చేర్చునాడు నాయనమ్మ చెప్పిన పేరు. ఆధార్ తీయు అబ్బాయి ఇంగ్లీషులో తనకు తోచినట్లు కొట్టిన పేరు. ఇంటి పేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక, ఒకచోట ఒక్క అక్షరము, ఒకచోట అసలే లేదు. మన చెవికి ఇవన్నియు ఒకే పిల్ల. కంప్యూటరుకు ఇవి నలుగురు పిల్లలు. ఎనిమిదవ తరగతి పరీక్ష దరఖాస్తులో ఏ పేరు వ్రాసితిరో అదే జాబితాలో వచ్చును. జాబితాలోని పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోనియెడల పోర్టల్‌లో దరఖాస్తు ముందుకు కదలదు. అప్పుడు పరుగెత్తినచో గడువు ఉండదు. ఆధార్ దిద్దించుకొనుటకు ఏడవ తరగతి వేసవి సెలవులే సరియైన సమయము. పుట్టిన తేదీ ధృవపత్రము, బడి రిజిష్టరు, ఆధార్ మూడింటిని ఒక మంచముమీద పరచి అక్షరమక్షరము సరిచూచుకొనుడి. ఇంటిలో ఇంగ్లీషు చదువగలవారు లేకున్న, సంఘములో ఎవరో ఒకరు ఉందురు గదా.

రెండవది బ్యాంకు. డబ్బు నేరుగా ఖాతాలో పడును, చేతికి ఎవరును ఇయ్యరు. "ఖాతాకు ఆధార్ లింకు చేయించితిమండీ" అని చాలమంది అందురు. లింకు వేరు, సీడింగు వేరు. ఆధార్ నంబరు చూచి ప్రభుత్వపు సొమ్ము ఏ బ్యాంకుకు పోవలెనో తెలుపు పట్టికలో మీ బిడ్డ ఖాతా చేరవలెను. అందులకు బ్యాంకులో ప్రత్యేకముగా అడిగి ఫారము ఇయ్యవలెను. రెండు ఖాతాలున్నచో చివరగా సీడింగు చేసిన దానిలోనికే సొమ్ము పోవును. సొమ్ము రాలేదని ఏడ్చిన ఒక కుటుంబమునకు, వారు మరచిపోయిన పాత ఖాతాలో అది పడియుండుట మేము చూచితిమి. అది సంతోషముగా ముగిసిన కథ.

మూడవది ఫోను. పోర్టల్‌లో మొట్టమొదట ఒక్కసారి నమోదు చేసికొనవలెను. అప్పుడు 14 అంకెల నంబరొకటి వచ్చును, అదే ఇంటరు వరకు పనికివచ్చును. ఆ నంబరు, రహస్య సంకేతములు మీరిచ్చిన ఫోనుకే వచ్చును. బాబాయి ఫోను, ఇంటర్నెట్టు కొట్టువాని ఫోను ఇచ్చి వచ్చినవారు మరుసటి ఏడు వారిని వెదుకుకొనుచు తిరుగుచున్నారు. సిమ్ము మార్చినయెడల అంతే సంగతులు. ఆ 14 అంకెలు ఒక కాగితముమీద వ్రాసి, ఆ తల్లి దాచుకొన్నట్లే బైబిలు అట్టలో దాచుకొనుడి.

దరఖాస్తు పంపగానే పని కాలేదు. మొదట బడిలో ఒకరు, పిమ్మట జిల్లా కార్యాలయములో ఒకరు దానిని చూచి సరియని నొక్కవలెను. ఇద్దరిలో ఎవరు నొక్కకున్నను అది అక్కడనే ఆగిపోవును. ఇట్లు ప్రతి ఏడు రెన్యువల్ చేయవలెను. తొమ్మిది నుండి పదికి, పదకొండు నుండి పండ్రెండుకు మొదటి ప్రయత్నములోనే పాసు కావలెను. పదిలో 60 శాతము, ఎస్సీ, ఎస్టీలకు 55 శాతము రావలెను.

ఇంకొకటి కూడ చెప్పవలెను. పది తరువాత పిల్లను ప్రైవేటు కాలేజీలో చేర్చినను, డిప్లొమాకు పంపినను ఈ వేతనము ఆగిపోవును. అట్లని పాలిటెక్నిక్ సీటు వచ్చిన బిడ్డను 12,000 కొరకు ఆపుమని మేము చెప్పము, ఆ చదువు విలువ వేరు. అప్పు చేసి ప్రైవేటు కాలేజీకి పంపబోవువారు మాత్రము మన ఊరి ప్రభుత్వ జూనియరు కాలేజీని ఒకసారి లోపలికి పోయి చూచి, ఈ సొమ్మును కూడ లెక్కలో వేసికొని, అప్పుడు నిర్ణయించుకొనుడి.

మన సంఘములలో బయటికి మాటలాడుకొనని సంగతి ఒకటున్నది. ఎస్సీ కుటుంబముల నుండి క్రైస్తవులైనవారిని మన రెండు రాష్ట్రములలోను బీసీ-సి గా లెక్కించుచున్నారు. మార్కుల సడలింపు ఎస్సీ, ఎస్టీలకే గాని బీసీ-సి కి లేదు. కనుక దరఖాస్తులో ఏది వ్రాసెదరో ధృవపత్రము కూడ అదే కావలెను. ఆ నియమము న్యాయమా కాదా అనునది పెద్దలు తేల్చుకొనవలసిన పెద్ద వాదము. ఆ వాదపు బరువు పదమూడేండ్ల బిడ్డ దరఖాస్తు మీద పెట్టకుడి. ఎనిమిది శాతము మార్కులు చదివి తెచ్చుకొనవచ్చును గాని, మధ్యలో రద్దయిన ఎంపికను తిరిగి తెచ్చుకొనుట కష్టము.

ఇప్పుడు ఉపాధ్యాయుల మాట. పిల్లల ఫారములు నింపుచున్న ఆ మాస్టరుగారే, టీచరమ్మగారే ఈ దినములలో రాత్రులు తమ పుస్తకములు తెరచుకొని కూర్చొనుచున్నారు. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చినది. విద్యాహక్కు చట్టమునకు ముందు నియమింపబడి, ఒకటి నుండి ఎనిమిది తరగతులకు బోధించువారు సైతము టెట్ పాసు కావలెనని దాని సారము. పదవీ విరమణకు ఐదేండ్లకు మించి సర్వీసు ఉన్నవారికి ఆ తీర్పు రెండేండ్ల గడువు పెట్టినది. ఐదేండ్ల లోపు ఉన్నవారు టెట్ లేకనే విరమణ వరకు కొనసాగవచ్చును గాని ప్రమోషను కోరుటకు వీలులేదు. మైనారిటీ విద్యాసంస్థలకు ఈ చట్టము వర్తించునా అను ప్రశ్నను మాత్రము అదే తీర్పులో విస్తృత ధర్మాసనమునకు నివేదించిరి. కనుక మన మిషను బడులలో పనిచేయువారు ఇతరుల మాటలు విని కలవరపడక, తమ సంస్థ హోదా ఏమిటో, తమ నియామకపు తేదీ ఏమిటో కరస్పాండెంటుగారి యొద్ద కాగితము చూచి తెలిసికొనుట మంచిది. చదువుట మాత్రము ఆపవద్దని మా సలహా.

పరీక్ష 150 మార్కులకు. తప్పు జవాబునకు మార్కు కోయరు. ఓసీలకు 90, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీ, వికలాంగులకు 60 వచ్చిన పాసైనట్లు. ఒకసారి పాసైన యెడల జీవితకాలమంతయు చెల్లును. ఇరువదియైదేండ్లు బోధించిన వారికి బాలల వికాసము, బోధనా పద్ధతులు అను భాగము క్రొత్త కాదు, దానికున్న పుస్తకపు పేర్లే క్రొత్త. లెక్కలు, ఇంగ్లీషు చాలకాలము తాకనివారికి కష్టమే. ఇంటిలో డి.ఎస్సీ.కి చదువుచున్న కొడుకో కోడలో ఉన్నచో వారి ప్రక్కన కూర్చొని చదువుటకు సిగ్గుపడకుడి. మాకు తెలిసిన ఒక పెద్దాయన తన పూర్వ విద్యార్థి యొద్ద సాయంకాలములు లెక్కలు నేర్చుకొనుచున్నారు. ఆ అబ్బాయి మాత్రము ఇప్పటికిని ఆయన ఎదుట కుర్చీలో కూర్చొనడట.

ఇట్టి ఒత్తిడిలో ఉన్నవారి మీదనే అన్ని ఫారముల భారము వేసి, "బడివారు చూచుకొందురులే" అనుకొనుట మాకు న్యాయముగా తోచుట లేదు. డిగ్రీ చదివి ఇంటి దగ్గరనున్న మన యౌవనులు ఇద్దరు ముగ్గురు, పోర్టల్ తెరచిన దినములలో వారమునకొక సాయంకాలము ప్రార్థనా మందిరపు వరండాలో కూర్చొన్నచో ఊరిలోని ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలందరి కాగితములు సరిచూడవచ్చును. మన సంఘపు పిల్లలవే కాదు, ఎవరు వచ్చినను చూడుడి. ప్రకటనలు చదువునప్పుడు చివరి తేదీ ఒక్క మాట చెప్పినచో చాలును.

ఆ తల్లి సంగతి చెప్పి ముగించెదము. పాప డబ్బు తిరిగి తెచ్చుటకు మేము ఏమియు చేయలేకపోతిమి, ఆ మాట ఆమెతో చెప్పుట మాకు కష్టమైనది. ఆమె కాసేపు మౌనముగా నిలిచి, జాబితా కాగితమును మరల మడిచి బైబిలులోనే పెట్టుకొన్నది. పాప ప్రభుత్వ జూనియరు కాలేజీలో చేరెదనని చెప్పుచున్నది. తమ్ముడు ఏడు చదువుచున్నాడు. వాని ఆధార్‌లో ఇంటి పేరు తప్పు పడినదని కనుగొన్నది అక్కయే. గడచిన సోమవారము తల్లి కోతకు పోక, వానిని తీసికొని మండల కేంద్రమునకు వెళ్ళినది.