గడియారముతో పందెము

పందెమనగానే పక్కవానిని దాటిపోవుటయే లోకమునకు స్ఫురించును. ఇంగ్లండులో వూస్టర్‌షైర్ ప్రాంతమందలి షెల్స్‌లీ వాల్ష్ కొండబాట వేరొక నీతిని బోధించుచున్నది. 1905లో అక్కడ మొదలైన మోటారు కార్ల పందెము, యుద్ధకాలములు తప్ప, నేటికిని ఆ కొండమీదనే సాగుచున్నది. బాట నిడివి 1000 గజములు మాత్రమే. కార్లు ఒక్కొక్కటిగా, నిలిచినచోటినుండి బయలుదేరి కొండనెక్కును. త్రోవలో ఎదిరి లేడు, గడియారమొక్కటే ప్రత్యర్థి. 1930లో హాన్స్ స్టుక్ 42.8 సెకండ్లలో ఎక్కగా, 2008లో మార్టిన్ గ్రోవ్స్ 22.58 సెకండ్లలో ఎక్కెను.

పోటీదారులలో పెక్కుమంది జీతమునకు కారు నడుపువారు కారు. తమ వృత్తులు తాము చేసికొనుచు, సొంత వ్యయముతో వచ్చువారు. వారిలో అధికులకు ఆ రికార్డు అందదు. అయినను వత్తురు. ఏల? గత సంవత్సరపు తమ సమయములో అరసెకండు తగ్గినచో అదియే వారికి విజయము.

ఇది దుర్వ్యయమనియు, ప్రాణాపాయమనియు ఆక్షేపించువారి మాట త్రోసిపుచ్చరానిది. ఐనను బడికి ఇందొక పాఠము కలదు. 35 మార్కుల బాలుడు 40 తెచ్చుకొన్ననాడు ఉపాధ్యాయుడేమి చేయుచున్నాడు? 90 వచ్చినవానిని చూపి సిగ్గుపరచుచున్నాడు. ప్రథమస్థానము ఒక్కనికే దక్కును. నిన్నటి తన్ను తాను మించుట అందరికిని సాధ్యము. ఆ అయిదు మార్కులను గుర్తించు గడియారము ప్రతి తరగతిలోను ఉండవలెను.