రుక్మిణి లేచిపోయిందా?

"లేచిపోయిందనుకోరూ?"

మొన్న ఆదివారం మా వదిన నోట ఈ మాట విని నా చేతిలో కాఫీ గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. ఎవర్ని గురించనుకున్నారు? కన్నకూతుర్ని గురించే. పోనీ ఆ పిల్ల ఎక్కడికైనా పోయిందా అంటే అదీ లేదు. పద్మారావునగర్లో సొంతింట్లో, పక్కగదిలో కూచుని బుద్ధిగా ఆఫీసు పని చేసుకుంటోంది.

సంగతేమిటంటే మా మేనకోడలికి పెళ్ళి కుదిరింది. కుదిరిందనడం కంటే కుదుర్చుకుందనడం సబబు. అబ్బాయిది అనకాపల్లి. కులం వేరు. అన్నయ్యా వదినా ఒక ఏడాది అలిగి, ఆర్నెల్లు ఆలోచించి, చివరికి సరేనన్నారు. కాబట్టి ఇప్పుడు పేచీ పెళ్ళికొడుకు గురించి కాదు, పెళ్ళి గురించి. భీమిలిలో సముద్రం ఒడ్డున, ఇటు ఆరుగురూ అటు ఆరుగురూ, ఒక పురోహితుడూ ఉంటే చాలంటుంది పిల్ల. వెయ్యిమంది లేకపోతే కుదరదంటుంది తల్లి.

"కులంగాని కులం కాబట్టే ఇంకా ఘనంగా చెయ్యాలి. పన్నెండుమందితో ఊరుగాని ఊళ్ళో చేస్తే నలుగురూ ఏమంటారు? లేచిపోయిందనుకోరూ?"

ఇదీ వదిన వాదన. అన్నయ్య మాట్లాడలేదు. ఆయన రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్ళుంది. ప్లేటు ఎనిమిది వందలనుకున్నా వెయ్యి ప్లేట్లకి ఎనిమిది లక్షలు. హాలు, పూలు, బంగారం, పెట్టుపోతలు, ఆకాశంలోంచి ఫోటోలు తీసే డ్రోను వేరే. మనసులో ప్రావిడెంట్ ఫండు లెక్కలు వేసుకుంటూ గోడమీది క్యాలెండరు చూస్తున్నాడు పాపం.

అసలు ఈ "లేచిపోవడం" అన్న మాటని ఎప్పుడైనా ఆలోచించి చూశారా? మన భాషలో ఇది ఆడపిల్లకే అంటుకుంటుంది. "ఫలానావారమ్మాయి లేచిపోయింది" అంటాం. ఇద్దరూ ఒకే రైలెక్కినా "ఫలానావారబ్బాయి లేచిపోయాడు" అని ఎవరైనా అంటారా? "పెళ్ళి చేసుకొచ్చాడు" అంటారు. లేవకుండా కూచున్నంతసేపూ ఆడపిల్ల మంచిది, లేచిందా, చెడ్డది. అంతేగా దీని అర్థం?

ఇందులో ఇంకో తమాషా ఉంది. డబ్బున్నవాళ్ళు ముప్ఫైమంది బంధువుల్ని విమానంలో ఎక్కించి సముద్రం పక్కన పెద్ద హోటల్లో పెళ్ళి చేస్తే దానికి డెస్టినేషన్ వెడ్డింగని పేరు. మనం ఆ ఫోటోలు ఫోన్లో ఒకరికొకరం పంపుకుని మురిసిపోతాం. "ఎంత ముచ్చటగా, కొద్దిమందితో చేసుకున్నారో!" అంటాం. అదే కొద్దిమందితో, అదే సముద్రం ఒడ్డున, రైల్లో వెళ్ళి మధ్యతరగతి పిల్ల చేసుకుంటానంటే మాత్రం లేచిపోవడం! అంటే సిగ్గు సముద్రంలోనూ లేదు, చిన్న పెళ్ళిలోనూ లేదు. బిల్లులో ఉంది. బిల్లు పెద్దదైతే పరువు, చిన్నదైతే అప్రదిష్ట.

ఈ మాటే అంటే వదిన, "నువ్వు నవలలు రాసుకునేదానివి, నీకేం, ఎన్నైనా చెబుతావు. మన సంప్రదాయం ఒకటుంది కదా" అంది.

సంప్రదాయం అన్నది కాబట్టి అడిగాను. "వదినా, మీ అమ్మగారు నీచేత పెళ్ళికి ముందు రుక్మిణీ కల్యాణం పారాయణ చేయించారా లేదా?"

"చేయించారు. నలభై రోజులు."

అమ్మా, అక్కయ్యా, మీరూ చేసే ఉంటారు. పెళ్ళికావలసిన పిల్లచేత మన పెద్దవాళ్ళు ఏరికోరి చదివించే కథేమిటి? అన్నగారు శిశుపాలుడికిస్తానంటే ఆ రుక్మిణమ్మ ఏంచేసింది? గదిలో కూచుని ఏడ్చిందా? అగ్నిద్యోతనుడనే బ్రాహ్మణుణ్ణి పిలిచి కృష్ణుడికి కబురంపింది. ఉత్త కబురు కాదు, పెళ్ళికి ముందు ఊరిబయట అమ్మవారి గుడికి వెళ్ళే ఆచారముంది, అక్కడికొచ్చి నన్ను తీసుకువెళ్ళు అని స్థలమూ సమయమూ కూడా చెప్పింది. వెళ్ళిందెక్కడికి? ద్వారకకి. సముద్రం ఒడ్డునున్న ఊరికి! ఇంత పకడ్బందీగా ఏర్పాటు చేసుకున్న కథని భాగవతంలో చదివితే పుణ్యం, భీమిలిలో జరిగితే పాపమా? నిజమే, రుక్మిణి పెళ్ళి చిన్నదేం కాదు, ద్వారకంతా పండగే. కానీ ఆ పండగకి భీష్మకమహారాజు తన ప్రావిడెంట్ ఫండు తియ్యలేదు.

వదిన నవ్వింది. ఒప్పుకుందని కాదు, నవ్వింది.

ఇంత మాట్లాడే నేనేం తక్కువ తినలేదు. ఇరవై ఏళ్ళ క్రితం మా పెద్దమ్మ కూతురు వేరే కులం అతన్ని రిజిస్టరు పెళ్ళి చేసుకుంది. ప్రత్యేక వివాహ చట్టం ప్రకారం ముగ్గురు సాక్షులు సంతకం చెయ్యాలి. ఇద్దరు దొరికారు. మూడోదానివి నువ్వు రావే అని నాకు ఫోను చేసింది. నాకప్పటికి పెళ్ళై ఏడాది. మా అత్తగారేమంటారో, మా ఆయనేమంటారో అనుకున్నాను. "జ్వరంగా ఉందక్కా" అన్నాను. ఆఫీసు బయట టీ తాగుతున్న ముక్కూ మొహం తెలియని ఒకాయన వచ్చి సంతకం పెట్టాడట. ఆ తరవాత ఎవరడిగినా "అక్క లేచిపోయిందండీ" అని నేనే చెప్పాను. నోటీసు ఇచ్చి, నెల్లాళ్ళు ఆగి, ప్రభుత్వోద్యోగి ఎదుట పట్టపగలు చేసుకున్న పెళ్ళిని నేను లేచిపోవడమన్నాను! ఆ టీ తాగినాయనకున్న పాటి ధైర్యం చుట్టానికి నాకు లేకపోయింది.

మాటే కదా, అంటే ఏమైందంటారా? మాటతోనే మొదలవుతుందండీ. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో, వేరే కులం అమ్మాయిని చేసుకున్న పాపానికి ఒక కుర్రాణ్ణి ఆసుపత్రి బయట గర్భిణి అయిన భార్య కళ్ళముందే నరికి చంపించారు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకడికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. శిక్షలు పడ్డాయి, కుర్రాడు తిరిగి రాలేదు. "పరువు పోయింది" అన్న మాట ఎక్కణ్ణించి వచ్చింది? నాలాంటివాళ్ళు పేరంటాల్లో అనే మాటల్లోంచే. కత్తి పట్టినవాడు ఒక్కడు, నూరినవాళ్ళం చాలామందిమి.

మనసు మార్చుకున్న పిల్లల్నీ నాలుగు మాటలనాలి. సముద్రం, సూర్యోదయం, పూలదండలు అంటూ కాగితం సంగతి మరిచిపోకండి తల్లీ. కన్యాశుల్కంలో బుచ్చమ్మని తీసుకుపోయిన గిరీశానికి ఉపన్యాసాలకేం తక్కువ? ఆ పిల్లని చివరికి ఒడ్డుకి చేర్చింది సౌజన్యారావు పంతులుగారు. ప్రతి బుచ్చమ్మకీ ఒక సౌజన్యారావు పంతులు దొరకడు. అంచేత చట్టం తెలుసుకోండి.

ప్రత్యేక వివాహ చట్టం 1954 నాటిది. ఇద్దరిలో ఒకరైనా నోటీసుకి ముందు ముప్ఫై రోజులు ఆ జిల్లాలో ఉండి ఉండాలి. నోటీసు ఇచ్చాక ఇంకో ముప్ఫై రోజులు ఆగాలి. కనక సంచీ సర్దుకుని విశాఖలో దిగి మర్నాడే రిజిస్టరు పెళ్ళంటే కుదరదు. ఉంటున్న ఊళ్ళోనే ఆ పని కానిచ్చుకుని, దండలు సముద్రం దగ్గర మార్చుకోండి. అభ్యంతరం ఎవరైనా చెప్పచ్చు కానీ వయసు చాలకపోవడం, బతికున్న భార్యో భర్తో ఉండడం లాంటి కారణాలే చెల్లుతాయి. "కులం వేరు" అన్నది ఆ జాబితాలో లేదు, "ఘనంగా చెయ్యలేదు" అన్నది అసలే లేదు.

ఇద్దరూ హిందువులై శాస్త్రోక్తంగా చేసుకుంటే 1955 నాటి చట్టముంది. తంతు జరగాలి, తరవాత రిజిస్టరు చేయించుకోవాలి. 2002లో ఉమ్మడి రాష్ట్రం రిజిస్ట్రేషన్ని తప్పనిసరి చేసింది. తంతు లేకుండా ఉత్త సర్టిఫికెట్టుతో హిందూ వివాహం కాదని సుప్రీంకోర్టు 2024లో తేల్చి చెప్పింది. ఆ తీర్పులోనే పెళ్ళంటే ఆటాపాటా, తిండీ తాగుడూ కాదనీ, కట్నాలు గుంజుకునే సందర్భం కాదనీ చీవాట్లు కూడా పెట్టింది. చూశారా, కోర్టువారు ఏడడుగులు అడిగారు కానీ వెయ్యి ప్లేట్లు అడగలేదు.

ఇక భీమిలి. మన సికింద్రాబాదు వాళ్ళకి సముద్రమంటే హుస్సేన్ సాగరే, పేరులో సాగరం ఉంది కానీ ఉప్పు లేదు. సాయంత్రం రైలెక్కితే తెల్లారేసరికి విశాఖ. అక్కణ్ణించి బీచి రోడ్డు వెంట సుమారు పాతిక కిలోమీటర్లు. గోస్తని నది సముద్రంలో కలిసే చోటది. ఒకప్పటి డచ్చివాళ్ళ సమాధులు, పాత లైట్‌హౌసు, పావురాళ్ళకొండ మీద బౌద్ధుల ఆనవాళ్ళు, నరసింహస్వామి గుడి ఉన్నాయి. అక్టోబరు, నవంబరు తుపాను రోజులు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖనేం చేసిందో మరిచిపోలేం. మాఘమాసమైతే ఆకాశమూ తేటగా ఉంటుంది, ముహూర్తాలూ ఉంటాయి. తూర్పు తీరం కనక సూర్యుడు నీళ్ళలోంచి లేస్తాడు. లేచినవాళ్ళని ఆడిపోసుకునే మనం సూర్యుణ్ణేమంటామో మరి!

ఇదంతా విని వదిన చాలాసేపు ఊరుకుంది. తరవాత మెల్లిగా, "అందరూ ఉంటే దానికి అండగా ఉంటుందని నా బాధ. రేపు కష్టమొస్తే ఎవరున్నారు దానికి?" అంది.

అదీ అసలు మాట. వదినది పిచ్చి ప్రేమే కానీ పట్టుదల కాదు. కానీ వెయ్యిమంది భోంచేసి వెళ్ళినవాళ్ళలో కష్టానికి వచ్చేదెందరు వదినా? మా పెళ్ళికి ఎనిమిది వందలమంది వచ్చారు. ఆ అప్పు తీర్చడానికి నాన్నకి ఆరేళ్ళు పట్టింది. ఆ ఆరేళ్ళలో ఆ ఎనిమిది వందలమందిలో ఒక్కరు ఆయన పక్కన కూచున్నది నేను చూడలేదు. అండంటే విస్తళ్ళ లెక్క కాదు. పిలిచినప్పుడు జ్వరమని చెప్పకుండా వచ్చేవాళ్ళు.

పన్నెండుమందిలో నువ్వూ అన్నయ్యా ఉంటే అది లేచిపోవడమెలా అవుతుంది? నువ్వు రానంటేనే అవుతుంది. ఆ మాటని నిజం చేసేదీ, అబద్ధం చేసేదీ తల్లే.

వదిన ఏమీ అనలేదు. లేచి పక్కగది తలుపు దగ్గరకెళ్ళి, "ఏమే, ఆ భీమిలిలో వంటవాళ్ళు దొరుకుతారా, ఇక్కణ్ణించి పట్టుకెళ్ళాలా?" అనడిగింది.

పిల్ల బయటికొచ్చి నా వైపు చూసి, "అత్తా, రిజిస్ట్రేషన్‌కి సాక్షులు కావాలి. ఇద్దరున్నారు, ఇంకొకరు..." అంది.

నాకు ఈసారి జ్వరం రాలేదు.