రాత్రి పది దాటాక రాజధానిలో విద్యార్థి

పరాయి నగరానికి చదువుకోసం వెళ్ళిన యువకుడికి పాఠ్యగ్రంథాల తరువాత తక్షణం కావలసింది నలుగురు కూర్చుని మాట్లాడుకునే చోటు. ఐర్లండులో అటువంటి చోటుకు ‘పబ్’ అని పేరు. పబ్లిక్ హౌస్ అన్న మాటకు అది సంక్షిప్త రూపం. అందరి ఇల్లు అని దాని భావం. పూర్వం ఐరిష్ పల్లెలలో ఒకే కప్పు కింద ఒక పక్క కిరాణా దుకాణం, మరొక పక్క పానశాల నడిచేవి. సాయంకాలం ఫిడేలూ వేణువూ తెచ్చుకుని వచ్చినవారు ఒక మూల కూర్చుని వాయించేవారు. వారికి వేదిక లేదు, వినేవారికి టికెట్టు లేదు. డబ్లిన్ కవులూ రచయితలూ పబ్బుల్లో గడిపిన సాయంత్రాలు ఐరిష్ సాహిత్య చరిత్రలో భాగమైపోయాయి.

ఢిల్లీకి వచ్చే విద్యార్థులలో కొందరు ఈ ‘అసలైన’ ఐరిష్ పబ్బు కోసం వాకబు చేస్తుంటారు. దొరకకపోవడం అంటూ ఉండదు. చీకటి రంగు కొయ్యపని, పాతకాలపు అద్దాలు, గోడలమీద గేలిక్ అక్షరాలు ప్రపంచంలో ఏ నగరానికైనా దిగుమతి కాగలవు. 1990 దశకం నుంచీ పబ్బుల అలంకరణ సామగ్రిని ఐర్లండులోనే తయారుచేసి ఓడలమీద విదేశాలకు పంపే సంస్థలు వెలిశాయి. కాని పేటికలో పెట్టి పంపడానికి వీలుకానిది ఒకటుంది: పొరుగువాడితో పరిచయం. మహానగరంలోని పబ్బులో పాట చెవులు చిల్లులుపడేంత బిగ్గరగా మోగుతుంది. పక్క కుర్చీలోని మనిషి మాట వినిపించదు. పైగా ఒక్క సాయంకాలపు బిల్లు విద్యార్థి నెల ఖర్చులో పెద్ద వంతును మింగివేస్తుంది.

చట్టం సంగతి మరొకటి. ఐర్లండులో 18 ఏళ్ళు నిండినవారికి మద్యం అమ్మవచ్చు. ఢిల్లీలో 2009 నాటి ఎక్సైజ్ చట్టం ఆ వయస్సును 25గా నిర్ణయించింది. 2021లో దీనిని 21కి తగ్గించే ప్రతిపాదన వచ్చినా అది చట్టరూపం దాల్చలేదు. 18 ఏళ్ళకు వోటువేసి, 21 ఏళ్ళకు బి.ఏ., 23 ఏళ్ళకు ఎం.ఏ. పూర్తిచేసిన విద్యార్థి కూడా ఆ చట్టం దృష్టిలో ఇంకా పసివాడే. సరిహద్దు దాటితే లెక్క మారుతుంది. ఉత్తరప్రదేశ్‌లోని నోయిడాలో 21 ఏళ్ళు చాలు. హర్యానా కూడా 2022లో 25ను 21కి తగ్గించింది. ఫలితంగా ఢిల్లీలో కాదన్నది గురుగ్రామంలో సరే అవుతుంది. కాని మెట్రో రైళ్ళు దాదాపు రాత్రి 11 గంటలకు ఆగిపోతాయి. తరువాత మిగిలేది మోటారు వాహనం. నూరు మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు మించి ఉన్నవారు వాహనం నడపడం నేరం. 2019 సవరణ తరువాత మొదటి తప్పుకే పదివేల రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు కారాగారం గాని, రెండూ గాని పడవచ్చు.

మరి ఢిల్లీకి తనదైన ‘అందరి ఇల్లు’ లేదా? ఉంది. దానిలో ఎక్కువగా ప్రవహించినది కాఫీ, టీలు మాత్రమే. 1957లో కాఫీ బోర్డు తన కాఫీ హౌసులను మూసివేయగా, కార్మిక నాయకుడు ఎ.కె. గోపాలన్ ప్రోత్సాహంతో ఉద్యోగులే సహకార సంఘాలుగా ఏర్పడి వాటిని నిలబెట్టుకున్నారు. కనాట్ ప్లేస్ కాఫీ హౌసులో రామమనోహర్ లోహియా వంటి నాయకులూ, విష్ణు ప్రభాకర్ వంటి హిందీ రచయితలూ గంటల తరబడి కూర్చునేవారు. ఎమర్జెన్సీ కాలంలో ఆ కట్టడాన్ని పడగొట్టారు. కాఫీ హౌసు మోహన్‌సింగ్ ప్లేసుకు తరలింది. మాట్లాడుకునే చోటు పాలకులకు ఇబ్బందికరమనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

1969లో స్థాపించిన జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో ఈ పాత్రను గంగా ధాబా వహించింది. అక్కడ బండరాళ్ళే ఆసనాలు. హాస్టల్ భోజనశాలల్లో రాత్రి భోజనానంతరం వక్తలను పిలిచి అర్ధరాత్రి దాకా ప్రశ్నలతో నిలదీసే ఆచారం దశాబ్దాలపాటు సాగింది. ఐ.ఐ.టి. ఆచార్యుడు కిరణ్ సేఠ్ 1977లో ప్రారంభించిన స్పిక్ మెకే సంస్థ విద్యార్థులకోసం రాత్రంతా సాగే శాస్త్రీయ సంగీత కచేరీలను ఏర్పాటుచేసింది. నిజాముద్దీన్ దర్గాలో గురువారం సాయంకాలాల ఖవ్వాలీకి టికెట్టు లేదు. 1325లో కన్నుమూసిన నిజాముద్దీన్ ఔలియా, ఆయన శిష్యుడు అమీర్ ఖుస్రో అక్కడే నిద్రిస్తున్నారు. ఎవరు వచ్చి కూర్చున్నా వారు శ్రోతలే.

నేడు పానశాలలకూ ఫలహారశాలలకూ పేరుపొందిన హౌజ్‌ఖాస్ పల్లె కథ మరీ విచిత్రమైనది. అల్లావుద్దీన్ ఖిల్జీ తవ్వించిన చెరువు గట్టున 14వ శతాబ్దంలో ఫిరోజ్‌షా తుగ్లక్ ఒక మదరసా కట్టించాడు. నీటివైపు తెరుచుకునే ఆ గదులలో ఆరున్నర శతాబ్దాల క్రితమే విద్యార్థులు నివసించారు. దీపాల వెలుగులో పక్కనే సందడిచేసే యువజనంలో ఎందరికి ఈ సంగతి స్ఫురిస్తుందో!

తెలుగు విద్యార్థికి మరికొన్ని ఆశ్రయాలున్నాయి. అశోకా రోడ్డులోని ఆంధ్ర భవన్ భోజనశాలలో పప్పూ గోంగూరా కలిపిన ముద్ద ఇంటిమీది బెంగను కొంత తీరుస్తుంది. తిరుమల తిరుపతి దేవస్థానం 1961లో నెలకొల్పిన శ్రీ వెంకటేశ్వర కళాశాల ధౌలాకువాఁలో ఉంది. ఆ సమీపంలోని మెట్రో స్టేషనుకు 1948లో ఢిల్లీలో ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీని స్థాపించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు పెట్టారు.

ఆ మహిళ పేరుగల స్టేషనులో దిగే విద్యార్థినికి రాత్రి ఎంతవరకు సొంతం? 2012 డిసెంబరు 16న సినిమా చూసి మునిర్కాలో బస్సెక్కిన 23 ఏళ్ళ విద్యార్థినికి జరిగిన ఘోరం దేశాన్ని కదిలించింది. 2013లో చట్టాలు కఠినమయ్యాయి. ఐనా అనేక హాస్టళ్ళు కనుగొన్న పరిష్కారం ఆడపిల్లల గేట్లకు మరింత త్వరగా తాళం వేయడమే. మగపిల్లలకు వర్తించని ఈ నిబంధనను నిలదీస్తూ 2015లో ‘పింజ్‌రా తోడ్’ ఉద్యమం లేచింది. పంజరాన్ని పగలగొట్టమని ఆ మాటకు అర్థం. విద్యార్థినులు కోరినది పానశాల ప్రవేశం కాదు. గ్రంథాలయంలో మరో రెండు గంటలు, కచేరీ చివరిదాకా విని క్షేమంగా గదికి చేరే వీలు.

మంచి పబ్బు ఎక్కడున్నదని అడిగే విద్యార్థి నిజానికి అడుగుతున్నది మంచి సాంగత్యం గురించి. అది ఐరిష్ పేరున్న తలుపు వెనుక కంటె, నాలుగు రాళ్ళమీదా ఒక టీ గ్లాసు చుట్టూ లభించే అవకాశమే అధికం. ఐతే ఆ రాళ్ళమీద అక్క కూడా తమ్ముడంత నిశ్చింతగా కూర్చోగలిగిన నాడే అది అందరి ఇల్లు అనిపించుకుంటుంది.